ఆరు గంటల నంబరు

(జనగామ ఫంక్షన్ హాల్లో డివిజనల్ ఇంజనీరు గోవర్ధన్ గారి పదవీ విరమణ సభ. మాట్లాడినవారు అంజమ్మ, సబ్‌స్టేషన్‌లో ఊడ్చే పని చేస్తారు.)

సభకు పెద్దగ కూసున్న ఎస్.ఇ. రాజలింగం సారుకు నమస్తే. పూలదండలల్ల మునిగి ముక్కు ఒక్కటే కనవడుతున్న మా గోవర్ధన్ సారుకు నమస్తే. ఆయన పక్కన కూసోని, ఆ దండల పురుగులను ఒక్కొక్కటి ఏరి పారేస్తున్న సారు ఇంటామె సుశీలక్కకు నమస్తే. కొత్తగ వచ్చిన ఇంజనీరు స్వాతి మేడానికి, పొద్దటిసంది కుర్చీలు మోసి ఇప్పుడు అవే కుర్చీలల్ల కునుకు తీస్తున్న లైన్‌మన్ అన్నలకు, తమ్ముళ్లకు, నాతోని పనిచేసే అక్కలకు, బిర్యానీ వాసన వచ్చే దిక్కే మొకం పెట్టుకోని కూసున్న అందరికి నమస్తే. (నవ్వులు)

నాకు ఐదు నిమిషాలు ఇచ్చిండ్రు. నేను రెండు దినాలు కూసోని ఈ కాయితం రాసిన. నాది ఐదో తరగతి. ఆ ఐదుల గూడ మా బడికి పంతులు వచ్చిన దినాలు లెక్కవెడితె రెండో తరగతే అయితది. అందుకని రాసిన దాంట్ల తప్పులుంటయి, చదివేటప్పుడు ఇంకిన్ని కలుస్తయి, మీరు పెద్ద మనసు చేసుకోవాలె.

నాకంటె ముంగట ఎనిమిది మంది మాట్లాడిండ్రు. ఎనిమిది మంది గూడ గోవర్ధన్ సారుకు కోపమంటె ఏందో తెల్వదన్నరు. నేను ఇరవై రెండేండ్లసంది ఆ ఆఫీసు ఊడుస్తున్న. సారుకు కోపం తెల్వకపోతె మరి నేను గంపలకు ఎత్తిన చాయ గ్లాసుల పెంకులు ఎవరియి? (నవ్వులు) నవ్వకు కొమురెల్లి తమ్మీ, అండ్ల సగం నీ మీదికి ఇసిరినయే. (పెద్దగా నవ్వులు)

సారును పొగడనీకి ఎనిమిది మంది సరిపోయిండ్రు. నేను ఒక్కటి అడగనీకె వచ్చిన. దాపరికం లేకుండ మొదలే చెప్తున్న. నా బిడ్డ రజని పెట్టిన, కరెంటును కనిపెట్టుకోని చూసే మూడు డబ్బాలు ఉన్నయి. ఒకటి మా చిల్పూర్ దిక్కు సబ్‌స్టేషన్ల, ఒకటి మహబూబాబాద్ దిక్కు గార్లల, ఒకటి భూపాలపల్లి దిక్కు కాటారంల. గోవర్ధన్ సారు ఈ రోజుతోటి దిగిపోతున్నడు కాబట్టి ఆ డబ్బాలను గూడ ఈ రోజుతోటే బంద్ వెట్టి స్టోరుకు పంపుతరని కాయితం వచ్చింది. బంద్ చెయ్యొద్దని అడుగుతున్న. నాకు ఆరు గంటల లోపల జవాబు కావాలె. గోడ మీది గడియారంల ఇప్పుడు ఇరవై తక్కువ ఆరు. ఆరే ఎందుకన్నది చెప్తె మీకు మొత్తం సమజైతది.

నా బిడ్డను పాతోళ్లందరు ఎరుగుదురు. కొత్తోళ్ల కోసం చెప్తున్న. రజని చిన్నగున్నప్పుడు మా ఊర్లె పొద్దుమూకితె కరెంటు ఉండకపోయేది. సబ్‌స్టేషన్ల ఎందుకు పోతది కరెంటు? నేను ఊడ్సుకుంట ఉంటె అది కంట్రోలు రూము అరుగు మీద కూసోని చదువుకునేది. గోవర్ధన్ సారు అప్పుడు చిన్న ఇంజనీరు, నెత్తి మీద వెంట్రుకలు గూడ ఉండె. (నవ్వులు) రోజూ వచ్చిపోయేటప్పుడు దాని లెక్కల పుస్తకంల తొంగి చూసి, తప్పుంటె పెన్నుతోని సున్న చుట్టి పోయేటోడు, ఎందుకు తప్పో చెప్పకపోయేటోడు. ఇది రాత్రంత కూసోని ఎందుకు తప్పో తనే కనుక్కునేది. పట్టుదల సారుదా దానిదా నాకు తెల్వదు గని, అట్ల సున్నలు చుట్టించుకోని చుట్టించుకోని నా బిడ్డ ఇంజనీరు అయ్యింది. నౌకరి వచ్చిన ఆదివారం మా ఆయన ఇమ్మానుయేల్ చర్చిల మైకు పట్టుకోని గంటన్నర సాక్ష్యం చెప్పిండు. ఆఖరికి పాస్టరుగారే లేచి, మీ బిడ్డ ఇచ్చే కరెంటు మీ సాక్ష్యానికే సరిపోయేటట్టున్నది ఇమ్మానుయేలూ అన్నడు. (నవ్వులు)

దానికి కాటారంల పోస్టింగు ఇచ్చిండ్రు. రూముల సామాను సర్దనీకి నేను గూడ వోయిన. భూపాలపల్లిల బస్సు మారినం, సీట్లు లేవు, ఇద్దరం నిలవడ్డం, నా సంకల మామిడికాయ తొక్కు జాడీ. అప్పుడడిగిన, బిడ్డా నువ్వు చేసే పని ఏందో నాకు గూడ చెప్పరాదు, ఊర్లె అడిగితె స్తంభాలెక్కుతదని చెప్తున్న అని.

"అవ్వా, ఈ బస్సుల నిలవడ్డోళ్లందరు కరెంటు తీసే మిషన్లనుకో. అందరు పైనున్న ఒక్క కమ్మినే పట్టుకున్నరు. బస్సు మంచిగనే పోతున్నది గని అందరు జరజర ఊగుతున్నరు గద?"

"రోడ్డు గట్లున్నది, ఊగక ఏం జేస్తరు?"

"ఆ జరంత ఊగుడు చూసే, డ్రైవరు ఒక్కసారి బ్రేకు కొడితె ఎవరు నిలవడుతరు, ఎవరు పడుతరు అన్నది చెప్పాలె. బ్రేకు కొట్టి చూసుడు కాదు. కొట్టకముందే చెప్పాలె. గదే నా పని."

"గింతేనా? అగో, ఆ తెల్లంగి ఆయన పడుతడు. కాళ్లు దగ్గర వెట్టి నిలవడ్డడు, కమ్మిని రెండు వేళ్లతోని పట్టుకున్నడు, ఇంకో చేతిల ఫోను."

మాట నోట్ల ఉండంగనే బర్రె అడ్డం వచ్చింది, డ్రైవరు బ్రేకు కొట్టిండు, తెల్లంగి ఆయన వచ్చి నా తొక్కు జాడీ మీద పడ్డడు. (నవ్వులు) ఆయన అంగి తెల్లగ లేదిగ. కాటారం దిగే దాంక నా బిడ్డ నవ్వు ఆపలె. "అవ్వా, లక్షలు పెట్టి డబ్బాలు కొంటున్నం, నిన్ను వెడితె అయిపోతుండె" అన్నది.

తొక్కు పోతె పోయింది, చదువొచ్చింది. అప్పటిసంది నాకు మొత్తం సమజైంది. కరెంటు గూడ అట్లనే ఊగుతదట. లోడు పెరిగినా తగ్గినా, ఎక్కడన్న ఒక స్విచ్చు వేసినా, జరంత ఊగి మళ్ల నిలవడుతదట. ఆ ఊగుడు ఎంత జల్ది సల్లవడితె అంత గట్టిగున్నట్టు. దానికొక నంబరు ఉంటది. ఐదు దాటితె నిమ్మళం. మూడుకు దిగితె అందరు ఉరుకాలె. ఊగుడు తగ్గకుంట పెరుగుడు మొదలైతె ఏమైతది బిడ్డా అంటె, అందరం చీకట్ల కూసుంటం అవ్వా అన్నది. ఒక్క డబ్బా పెడితె బస్సుల ఒక్కన్ని చూసినట్టే. ముంగట ఒకన్ని, నడుమ ఒకన్ని, ఎనుక ఒకన్ని ఒక్కసారే చూస్తె బస్సంత తెలుస్తది. అందుకే మూడు డబ్బాలు. సారు దానికి పైనుంచి పర్మిషన్ ఇప్పిచ్చిండు. ఎన్ని గ్లాసులు పగిలినంక ఇచ్చిండ్రో నాకే తెల్సు. (నవ్వులు)

అగో, అప్పటిసంది నా బిడ్డ కాటారం నుంచి రోజూ ఆరు గంటలకు ఫోన్ చేసేది. ఆ యాళ్లకు అందరి ఇండ్లల్ల లైట్లు వడుతయి, ఊగుడు బాగ తెలుస్తది. తిన్నవా అని నేను అడుగుతె, ఏడు అని అది చెప్పేది. అంతే మా ముచ్చట. దాని పాత నోటుబుక్కుల తారీఖు వేసి నంబరు రాసుమన్నది, రాసేదాన్ని. చుక్క ఎక్కడ పెట్టాల్నో అదే నేర్పిచ్చింది. కొట్లాడిన రోజు గూడ నంబరు తప్పకపోయేది. ఒకసారి గార్ల పిల్లగాని సంబంధం ముచ్చట తీసిన. "ఆరు పాయింట్ రెండు" అని టక్కున పెట్టేసింది. కరెంటు నంబరు చెప్పిందా, పిల్లగానికి మార్కులేసిందా నాకు ఇప్పటికి తెల్వదు. (నవ్వులు)

ముందటేడు వానకాలం దానికి జ్వరమొచ్చింది. దవాఖానల ఐదు దినాలు ఉన్నది. ఆరో దినం...

ఇక్కడ నా కాయితం మీద ఏం రాసి లేదు. రాయనీకి కూసున్న గని చెయ్యి జరుగలె. ఒక గీత గీసి ఇడిసిపెట్టిన. మీరు గూడ ఆ గీతను దాటుండ్రి. (ఆగి) తమ్మీ, జరన్ని నీళ్లియ్యి.

(నీళ్లు తాగి) మట్టి చేసి ఇంటికి వచ్చినం. చుట్టాలు ఒకలెంబడి ఒకలు పోయిండ్రు. మూడోనాడు పొద్దుమూకి నేను గడపల కూసున్న. ఆరైంది. నా ఫోన్ మోగింది. ఎత్తిన. అవతల ఎవలో గొంతు సవరించుకున్నరు. "అంజమ్మా, ఇయ్యాల ఆరు పాయింట్ ఎనిమిది. మంచిగున్నది." అంతే, పెట్టేసిండ్రు. గోవర్ధన్ సారు. ధైర్యంగుండు అనలె. దేవుడు మంచోళ్లనే తీస్కపోతడు అనలె. ఆ మాటలు చుట్టాలందరు అన్నరు, ఒక్కటి గూడ నా చెవులకు వోలె. ఆరు పాయింట్ ఎనిమిది మాత్రం పోయింది. లేచి లైటు ఏసిన. నోటుబుక్కు తీసి రాసిన.

ఆ రోజు మొదలు నిన్నటి దాంక సారు ఒక్కనాడు తప్పలె. పండుగకు తప్పలె, తన బిడ్డ పెండ్లినాడు తప్పలె. పెండ్లిల బ్యాండు మోతల ఫోన్ చేసి అరిచిండు, "ఏడున్నర, అంజమ్మా, ఏడున్నర!" అని. పక్కనున్న అయ్యగారు ముహూర్తం మారిందేమో అనుకోని ఉరికొచ్చిండట. (నవ్వులు)

సుశీలక్కా, ఇప్పుడు మీ ముచ్చట చెప్తున్న, ఏమనుకోవద్దు. (సుశీల గారు: "చెప్పు, చెప్పు, అందరికి తెల్వనియ్యి.") అక్క అన్ని రోజులు చూస్తున్నది. ఆరైందంటె సారు చేతిల చాయ అక్కడ వెట్టి గేటు కాడికి పోయి, ఎవరికో ఫోన్ చేసి, మెల్లగ "ఆరు పాయింట్ తొమ్మిది, మంచిగున్నది" అని వస్తున్నడు. రోజూ ఒక నంబరు, రోజూ గేటు కాడ, గుసగుస. ఈ మనిషి రిటైర్ కాకముందే మట్కా జూదంల వడ్డడని అక్క నమ్మేసింది. (పెద్దగా నవ్వులు) నిలదీసిందట. "నంబరేంది?" అంటె "కరెంటుది" అన్నడట. "కరెంటుకు మీటర్ల ఉంటది నంబరు, ఫోన్ల ఎందుకుంటది?" అన్నదట. ఇంత పెద్ద ఇంజనీరుకు, పైనుంచి వచ్చినోళ్లందరికి ఇంగ్లీషుల సమజు చేసినాయనకు, ఇంట్ల ఆమెకు తెలుగుల చెప్పరాలె. (చప్పట్లు, నవ్వులు)

ఇగ అక్క ఆటో కట్టుకోని సీదా మా ఇంటికే వచ్చింది, మట్కా ఏజెంటును పట్టుకోనీకి. గుమ్మంల నిలవడి లోపలికి చూసింది. గోడకు రజని ఫోటో ఉన్నది, దాని కింద స్టూలు మీద నోటుబుక్కు ఉన్నది. కూసున్నది. చాయ పెట్టియ్యి అంజమ్మా అన్నది. ఆ రోజు సంది ఐదు యాభై అయితె చాలు, "లెవ్వుండ్రి, అంజమ్మ సూస్తుంటది" అని అక్కనే సారును లేపుతది.

మట్కా అనుకున్నది అక్క ఒక్కతే కాదు. కొమురెల్లి తమ్మీ, తల దించకు. ఈయన షిఫ్టుల ఉండి సారు చెప్పే నంబరు ఇని, నాలుగు దినాలు ఎక్కడ్నో ఆడి వచ్చిండు. ఐదోనాడు నా మీదికి వచ్చిండు, "అంజక్కా, సారు నంబరు పనిచేస్తలేదు" అని. (నవ్వులు) నీకు పనిచేస్తలేదు తమ్మీ, ఊరికి పనిచేస్తున్నది అన్న.

నిజంగనే పనిచేసింది. పోయిన యాసంగిల ఒక్కనాడు సారు "మూడు" అన్నడు. ఆ గొంతు నేను ఎన్నడు ఇనలె. అప్పటికే పైకి ఫోన్లు చేస్తున్నడు. ఎక్కడ్నో ఒక పెద్ద మిషన్ల ఏందో సర్దిండ్రట, రెండు రోజులకు ఆరు దాటింది. ఊర్లె ఎవరికన్న తెల్సిందా? తెల్వలె. మోటర్లు నడిచినయి, వరి పారింది, టీవీలల్ల సీరియళ్లు నడిచినయి. బస్సుల అందరు ముచ్చట వెట్టుకోని కూసున్నరు, బ్రేకు వడకముందే ఎవరో ఒకరు తెల్లంగి ఆయన చెయ్యి పట్టుకున్నరు. గంతే.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్తున్న. రాజలింగం సారూ, మీరు జర మనసు గట్టిగ చేసుకోవాలె.

మీకు యాదికున్నదా సారు, ముందటేడు వానకాలం ఆఖరుకు మా డబ్బా తొమ్మిది రోజులు పనిచెయ్యలె. జనగామ ఒక దిక్కు ఊగుతున్నట్టు, భూపాలపల్లి ఇంకో దిక్కు ఊగుతున్నట్టు కంప్యూటర్ అద్దంల గీతలన్ని ఆగమాగం వచ్చినయి. హైదరాబాద్ నుంచి ఫోన్లు వచ్చినయి, డబ్బా అమ్మినోళ్లు ఇద్దరు వచ్చి వైర్లన్ని ఇప్పి మళ్ల కట్టిండ్రు. ఏం దొరకలె. ఆఖరికి గోవర్ధన్ సారు తన మోకాళ్ల నొప్పితోని నిచ్చెన ఎక్కి బంగ్లా మీదికి పోయిండు. పైన తెల్ల పుట్టగొడుగు తీరుది ఒకటుంటది. మూడు డబ్బాల గడియారాలు ఒక్క తీరు నడువనీకి ఆకాశం నుంచి టైము అందుకునేది అదే. దాని మీదికి ఆకాశం కనవడాలె. మీకు రిపోర్టుల ఏమని వచ్చింది? పిట్టలు గూడు వెట్టినయి అని వచ్చింది. మీరు సంతకం చేసి, పిట్టలు రాకుండ వల గూడ పంపిండ్రు.

అది పిట్ట కాదు సారు. నేనే. (నవ్వులు)

నా బిడ్డ పోయిన నెలకు పెద్ద వాన కొట్టింది. బంగ్లా మీద నీళ్లు ఊడ్వనీకి ఎక్కిన. ఆ పుట్టగొడుగు నానుకుంట ఉన్నది. అది ఏందో నాకు తెల్వదు, నా బిడ్డ పెట్టించిందని మాత్రం తెల్సు. వానల దాన్ని అట్ల ఇడిసిపెట్టి రాబుద్ధి కాలె. ఇంట్ల నుంచి సిల్వర్ బేసిను తెచ్చి బోర్లిచ్చిన. గాలికి లేస్తదేమోనని రెండు ఇటుకలు గూడ పెట్టిన. (నవ్వులు)

తొమ్మిదోనాడు సారు ఆ బేసిను పట్టుకోని దిగిండు. నిచ్చెన కాడ కొమురెల్లి ఉన్నడు, ఎక్కకుండనే పైన చూసిన అని మూడు పూటలు రిజిస్టర్ల రాసిన కొమురెల్లి. (నవ్వులు) సారు నా దిక్కు చూసిండు. ఆ బేసిన్ల మా ఇంటి అన్నం మెతుకు ఇంకా అంటుకోనే ఉన్నది. "కొమురెల్లీ, పిట్టలు ఎక్కువైనయి" అన్నడు. పొద్దుమూకి ఆ బేసినును పేపర్ల చుట్టి తెచ్చి మా గడపల పెట్టి వోయిండు. మీరు పంపిన వల ఖరాబు కాలె రాజలింగం సారూ, మా బీరతీగకు కట్టిన. మస్తు కాసింది. (నవ్వులు. రాజలింగం గారు: "కాయలు నాకు రాలె అంజమ్మా!") పంపుత సారు, పంపుత. మీరు నేను అడిగిందానికి ఊ అంటె గంపెడు పంపుత. (చప్పట్లు)

ఆగుండ్రి, అసలు ముచ్చట ఇంకా చెప్పలె. ఆ రోజు డబ్బా అమ్మినోళ్లతోని సారు అంటుంటె ఇన్న, తొమ్మిది రోజులసంది ఒక్క లెక్క గూడ రాలె అని. ఇంటికి వోయి నోటుబుక్కు తీసిన. తొమ్మిది రోజులు. ఏడు. ఏడు. ఆరు పాయింట్ తొమ్మిది. ఏడు. ఏడు పాయింట్ ఒకటి. అట్ల తొమ్మిదికి తొమ్మిది ఉన్నయి. రోజూ ఆరింటికి ఫోన్ వచ్చింది, రోజూ నేను రాసుకున్న. బేసిను కింద నుంచి ఎట్ల వచ్చింది సారు నంబరు? (నవ్వులు)

గోవర్ధన్ సారూ, మీరు ఇట్ల చూడుండ్రి. మీరు లెక్కల మనిషి. ఒక చుక్క తప్పు రాసినందుకు మనుషుల మీదికి గ్లాసులు ఇసిరిన మనిషి. నా కోసం తొమ్మిది రోజులు కూసోని నంబర్లు కల్పిచ్చిండ్రు. రోజూ ఏడే అంటె నాకు అనుమానం వస్తదని నడుమ ఒకనాడు పాయింట్ తొమ్మిది, ఒకనాడు పాయింట్ ఒకటి కలిపిండ్రు. ఆ తొమ్మిది నంబర్లు చదివి నేను ఒక్కదాన్నే ఇంట్ల కూసోని నవ్విన. నా బిడ్డ పోయినంక నేను నవ్వింది అదే మొదటిసారి. మా ఆయన దొడ్లకెళ్లి ఉరికొచ్చి, అంజమ్మా నీకేమన్న అయ్యిందా అన్నడు. ఏం కాలె, ఆకలైతున్నది, అన్నం పెట్టుకుందాం పా అన్న.

మీకు ఇన్ని రోజులు చెప్పలె. చెప్తె మీరు సిగ్గువడి ఫోన్ బంద్ చేస్తరని భయపడ్డ. ఇయ్యాల మీరే బంద్ అయితున్నరు, ఇగ భయమేంది. బస్సుకు పెద్ద బ్రేకు వడ్డది సారు. నేను పడకుంట ఉన్నది నా కాళ్లు గట్టిగుండి కాదు. కమ్మికి ఆ కొసన మీరు పట్టుకోని ఉన్నరు.

(గోవర్ధన్ గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు)

అగో, పురుగు పడ్డట్టున్నది సారు కంట్ల. సుశీలక్కా, దండలు తీసేయుండ్రి. (నవ్వులు)

ఇగ రెండు నిమిషాలే ఉన్నది. రాజలింగం సారూ, మీరే పెద్ద. ఆ మూడు డబ్బాల టైము అయిపోయిందట, చూసేటోళ్లు లేరట, అందుకని తీసేస్తరట. చెప్పుండ్రి, బంద్ చేస్తరా?

(రాజలింగం గారు: "చూద్దాం అంజమ్మా. ఫైలు పెడుదాం.")

సారూ, నేను ఇరవై రెండేండ్లు ఆఫీసు ఊడ్సిన మనిషిని. పెడుదామన్న ఫైలు మీద ఎన్నేండ్ల దుమ్ము ఉంటదో ఈ హాల్ల నాకు తెల్సినట్టు ఎవరికి తెల్వదు. (చాలాసేపు నవ్వులు, చప్పట్లు)

ఆరైంది. చూసిండ్రా, సారు చెయ్యి అంగి జేబు కాడికి దానంతట అదే పోయింది. ఎవరికి చేస్తరు సారు ఫోను, నేను ఇక్కడనే ఉన్న. చెప్పుండ్రి. ఇయ్యాల ఎంత?

(గోవర్ధన్ గారు, మైకు లేకుండానే: "తెల్వదు అంజమ్మా. పగటీలే అన్ని అప్పజెప్పిన. నాకు ఇగ కనవడది.")

ఏడు అనలె. చూసిండ్రా, ఏడు అనలె.

(మూడో వరుసలో స్వాతి గారు లేచి నిలబడి, చేతిలో ఫోను చూస్తూ: "నాలుగు పాయింట్ ఆరు, అంజమ్మా.")

ఏంది బిడ్డా? ఐదు కిందనా?

(స్వాతి గారు: "అవునమ్మా. ఒక లైను మరమ్మతుల ఉన్నది, అందుకే జర దిగింది. భయం లేదు గని కనిపెట్టుకోని ఉండాలె. పగటిసంది నేను చూస్తనే ఉన్న.")

రాజలింగం సారూ. నాలుగు పాయింట్ ఆరు. ఇప్పుడు బంద్ చేస్తరా?

(రాజలింగం గారు: "ఇప్పుడెట్ల చేస్త తల్లీ! చెయ్యం. ఉండనియ్యి. మేడమే చూస్తది." చప్పట్లు)

ఈ మాట మైకుల వడ్డది సారు, అందరు ఇన్నరు. కొమురెల్లీ, రిజిస్టర్ల రాయి. ఈసారి చూసి రాయి. (నవ్వులు)

స్వాతి బిడ్డా, నువ్వు నన్ను చూసి ఏడు అని చెప్తె నేను నమ్మకపోయేదాన్ని. బీరకాయలల్ల సగం నీకే.

గోవర్ధన్ సారూ, రేపు మీరు ఇంట్ల చాయ తాగుకుంట కూసుంటరు, ఆరైతది, చెయ్యి జేబు కాడికి పోతది, ఏం తోచది. అప్పుడు మీ ఫోన్ మోగుతది. నేనే చేస్త. మేడం నాకు చెప్తది, నేను మీకు చెప్త. సుశీలక్కకు ముంగటనే చెప్తున్న, మళ్ల ఆటో కట్టుకోని రావొద్దని. (నవ్వులు) ఏడుంటె ఏడు అని చెప్త, నాలుగుంటె నాలుగు అని చెప్త. కల్పిచ్చి చెప్పేటంత చదువు నాకు లేదు సారు, అది మీకే ఉన్నది. మంచిగున్నదో లేదో గూడ చెప్త. మీరు ఎత్తుండ్రి చాలు, మాట్లాడకున్నా సరే.

ఐదు నిమిషాలన్నరు, ఇరవై దాటింది. ఇంతసేపు ఇన్నందుకు మీ అందరికి దండాలు. ఒక్క చిటికె ఆగుండ్రి, నోటుబుక్కు తెచ్చుకున్న, రాసుకోని దిగుత. నాలుగు... చుక్క... ఆరు. రాసుకున్న బిడ్డా.

బిర్యానీ సల్లారుతున్నది, లెవ్వుండ్రి. ఇగ నాకు సెలవియ్యుండ్రి.